గజ్జెల డ్రైవరు

"ముప్పై దాటినంక కొత్త పని పట్టుకుంటే జనం నవ్వరా తాతా?" అని మొన్న మా వాడకట్టు పిల్లవాడొకడు అడిగాడు. నవ్వుతారు. ఎందుకు నవ్వరు? కడుపు పట్టుకుని నవ్వుతారు. నన్ను చూసి పాల్వంచ నుంచి చర్ల దాకా నవ్వని టీ హోటలు లేదు. అయితే నవ్వేవాళ్లు మాత్రం ఎంతకాలమని నవ్వుతారు, వాళ్లకూ పనులుంటాయి కదా. ఈ ముక్క వాడికి అక్కడే చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ రిటైరైన లారీ డ్రైవరుకు తీరిక ఎక్కువ, వినేవాళ్లు తక్కువ. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను పుట్టు డ్రైవర్ని కాను. దర్జీని. పాల్వంచ మెయిన్ రోడ్డు మీద, బస్సులు ఆగే చోటుకు దగ్గర్లో, మా నాన్న పెట్టిన చిన్న టైలరు షాపు మాది. కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్లకూ, లారీ డ్రైవర్లకూ ఖాకీ బట్టలు కుట్టేవాళ్లం. ఎనభైల మొదట్లో మాట ఇది, పనికి లోటు లేదు. లోటల్లా గాలికే. పొద్దున తల వంచితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు ఎత్తేవాణ్ని. వంచిన తలకు రోడ్డు మీద పోయే లారీల చక్రాలు మాత్రమే కనిపించేవి. చక్రాన్ని చూసి లోడు ఎంతుందో చెప్పేవాణ్ని గానీ, అది పోయే అడవి ఎట్లా ఉంటుందో ముప్పై దాటేదాకా చూడలేదు.

చూపించింది మా ఉస్తాద్. లారీల మీద పని నేర్పే పెద్ద డ్రైవర్ని ఉస్తాద్ అంటారు. అప్పటికి ఆయన నాకు ఉస్తాద్ కాదు, చొక్కాలు కుట్టించుకునే గిరాకీ. స్టీరింగ్ తిప్పడానికి చంకలు వదులుగా పెట్టమని ప్రతిసారీ చెప్పేవాడు. ఒకరోజు చొక్కా తీసుకోవడానికి వచ్చి, "ఎప్పుడు జూసినా వంగే ఉంటవేంది టైలరూ? రా, ఇయ్యాల భద్రాచలం పోతున్న, జర నడుము నిలబెడుదువు" అన్నాడు. షాపు మా ఆవిడకు అప్పజెప్పి ఎక్కాను. లారీ గోదావరి వంతెన మీదికి ఎక్కగానే రెండు పక్కలా నీళ్లు, మొహం నిండా గాలి. అంత ఎత్తు మీద కూర్చుని లోకాన్ని చూడటం నాకు అదే మొదలు. ఏం దాచను, ఏడుపొచ్చింది. ఉస్తాద్ నా వైపు చూసి, "కండ్లల్ల దుమ్ము పడ్డదా?" అన్నాడు. పడిందన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను, లారీ నేర్చుకుంటానని. ఆమె చొక్కాకు కాజాలు కుడుతోంది. సూది ఆపలేదు.

"ఇద్దరు పిల్లలున్నరు. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఈ వయసుల క్లీనర్ పని జేస్తవా? బండి కడుగుతవా?"

"కడుగుత."

కాజా పూర్తి చేసింది. దారం పళ్లతో తెంపి అప్పుడు చెప్పింది. "ఒక్క ఏడు చూస్త. వచ్చే ఎండకాలం తునికాకు సీజన్ అయిపోయేలోపు స్టీరింగ్ నీ చేతికి రావాలె. రాకుంటే మల్ల నోరెత్తకుండ వచ్చి మిషిన్ మీద కూసోవాలె. అప్పటిదాంక షాపు నేను నడుపుత." నడిపింది కూడా. రెండు నెలలు తిరక్కుండానే ప్యాంట్లు కత్తిరించడం నేర్చుకుంది. నా కుట్టు కంటే ఆమె కుట్టే బాగుందని నా గిరాకీలే నా మొహం మీద చెప్పారు.

ఉస్తాద్ నన్ను లారీ ఓనరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ సేటుది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. పొలాలు, ధాన్యం వ్యాపారం, రెండు లారీలు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీసాలు నెరుస్తున్న క్లీనర్ని నేనెక్కడా చూళ్ళేదయ్యా. సరే, ఉస్తాదుకు లేని బాధ నాకెందుకు? ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నా బండి స్టీరింగు నీ చేతికివ్వాలంటే ఆయన నోటితో ఆయనే చెప్పాలి. లైసెన్సు కాయితం పట్టుకొచ్చి నాకు చూపించమాక." అంతే. ఆనాటి నుంచి నా బతుకంతా మా ఉస్తాద్ నోటి మాట మీద ఆధారపడింది. ఆయన నోటి నుంచి వచ్చేవన్నీ తిట్లే కాబట్టి ఆశ పెద్దగా ఉండేది కాదు.

కుట్టుమిషన్ తొక్కేవాడి కాలికి ఒక జబ్బుంటుంది. కింద పెడలు దొరికితే ఊరుకోదు. ఖమ్మం పోయి లైసెన్సు తెచ్చుకున్నాక, ఖాళీ రోడ్ల మీద ఉస్తాద్ నాకు స్టీరింగ్ ఇచ్చేవాడు. చేతులు బాగానే వినేవి. ఎడమ కాలు మాత్రం క్లచ్ మీద నుంచి దిగేది కాదు. ఉత్తగా ఉన్నా పర్వాలేదు, సన్నగా తొక్కుతూనే ఉండేది. అట్లా తొక్కితే క్లచ్ ప్లేటు కాలిపోతుందని ఉస్తాద్ చెప్పని రోజు లేదు. బుర్రకు ఎక్కింది గానీ కాలికి ఎక్కలేదు. చివరికి వెదురు లోడుతో వస్తూ ఒక ఎత్తు ఎక్కేటప్పుడు క్యాబిన్ నిండా కాలిన వాసన నింపేశాను. బండి ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. సేటు శివాలెత్తాడు. ఇంకొక ప్లేటు కాలిందంటే నన్ను మళ్లీ మిషన్ దగ్గరికే పంపిస్తానన్నాడు.

ఉస్తాద్ ఆ రోజు తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. తెల్లారి భద్రాచలం సంతలో ఎద్దుకు కట్టే గజ్జె ఒకటి కొన్నాడు. ఇంజను మోతలో కూడా వినపడేంత పెద్దది. నన్ను క్యాబిన్లో కూర్చోబెట్టి, వంగి, నా ఎడమ కాలికి తన చేత్తో కట్టాడు. "ఇది మోగిందంటే నీ కాలు మిషిన్ తొక్కుతున్నదన్నట్టు. మోగకుండ చర్ల దాంక పో." మోగింది. గేరు మార్చినప్పుడు మోగితే ఆయన ఏమీ అనేవాడు కాదు, ఉత్తప్పుడు మోగితే నెత్తిన మొట్టేవాడు. హోటల్లో టీ తాగుతున్నా మోగేది, ఎందుకంటే కాలు బల్ల కింద కూడా తొక్కుతూనే ఉండేదని నాకప్పుడే తెలిసింది. అట్లా "గజ్జెల డ్రైవర్" అనే పేరు దారి పొడుగునా అతుక్కుపోయింది. ఒకసారి విప్పడం మరిచిపోయి ఇంటికి పోతే, మా ఆవిడ వీధిలోకి ఎద్దు వచ్చిందనుకుని కర్ర పట్టుకుని బయటికొచ్చింది.

చలికాలం పోయేసరికి గజ్జె మోగడం మానింది. ఉస్తాద్ దాన్ని విప్పి, దారిలో మేం టీ తాగే హోటలాయన దూడకు కట్టాడు. పేరు మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఇక ఆ అడవి రోడ్ల మీద వాగుల సంగతి చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. అప్పుడు వాగుల మీద వంతెనలు తక్కువ. చప్టాలుండేవి. వాగు అడుగున సిమెంటుతో దారి పోసి వదిలేస్తారు, నీళ్లు దాని మీదుగా పారుతుంటే మనం అందులోంచే పోవాలి. నీళ్లు ఎక్కువుంటే కింద దారి ఉందో కొట్టుకుపోయిందో పైకి కనపడదు. అందుకని ఉస్తాద్ ముందు తను దిగేవాడు. లుంగీ ఎగగట్టి అవతలి ఒడ్డు దాకా నడిచి, మళ్లీ నడిచి వచ్చి, అప్పుడు బండి దింపేవాడు. నేను నడుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "నీ కాలికి తెలిసింది నాకెట్ల తెలుస్తది?" అనేవాడు.

తునికాకు సీజన్ చివరికొచ్చింది. ఆ ఏడు వాన తొందరపడింది. చర్ల అవతల అడవిలోంచి బీడీలు చుట్టే ఆ ఆకు బస్తాలు నింపుకుని, పైన టార్పాలిన్ కట్టి తెల్లారగట్లే బయల్దేరాం. ఆకు తడిసిందంటే మచ్చలు పడి ఎందుకూ పనికిరాదు. ముందు రోజు నుంచే ఉస్తాద్‌కు చలిజ్వరం. ఆ అడవిలో మలేరియా అంటే మామూలు మాట కాదు, మనుషులు లేవకుండా పోయేవాళ్లు. స్టీరింగ్ నాకిచ్చి, పక్క సీట్లో రగ్గు కప్పుకుని పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నాడు. ఆయన్ని జల్దీ భద్రాచలం దవాఖానాలో వేయాలన్నదొక్కటే నా ఆత్రం. అర్ధగంట పోయామో లేదో వాగు అడ్డమొచ్చింది. పైన కొండల్లో గట్టి వాన పడినట్టుంది, నీళ్లు ఎర్రగా, పొంగి పారుతున్నాయి. చప్టా పక్కన గుర్తుకు పాతే రాళ్లు కూడా కనపడటం లేదు.

"దిగి నడువు" అన్నాడు ఉస్తాద్. ఆయన నన్ను నడవమనడం అదే మొదలు. తను దిగలేడు కాబట్టి.

నడిచాను. మొదట మోకాళ్లు, తర్వాత తొడలు. సగం దాకా పోయేసరికి కాళ్ల కింద సిమెంటుకు బదులు గులకరాళ్లు దొర్లుతున్నాయి. రాళ్లు సిమెంటు మీద దొర్లుతున్నాయా, సిమెంటే లేదా అన్నది తేల్చుకోలేకపోయాను. ఇంకో అడుగు వేయబోతే నీళ్లు నన్ను పక్కకు లాగాయి. వెనక్కి తిరిగాను. ఒడ్డుకొచ్చి చూద్దును కదా, ఉస్తాద్ రగ్గు కప్పుకునే డ్రైవరు సీట్లోకి జరిగి కూర్చున్నాడు. ఇంజను నడుస్తోంది.

"వద్దు ఉస్తాద్. కింద తెలుస్తలేదు."

"నువ్వు జరుగు. నేను దించుత."

"వద్దన్న గద."

"నేనీ వాగు ఎన్నిసార్లు దాటిన్నో తెల్సా నీకు? కాలర్లు కుట్టుకునేటోనివి, నాకు జెప్తవా? జరుగు!"

కళ్లు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. చేయి గేరు మీద పడింది. నాకు ఆలోచించే టైము లేదు. కిటికీలోంచి చేయి పెట్టి ఇంజను ఆపేసి, తాళంచెవి లాక్కుని నిక్కరు లోపలి జేబులో వేసుకున్నాను. ఉస్తాద్ చేతిలో ఉన్న బండికి తాళం తీసిన శిష్యుడు ఆ లైనులో నాకు ముందు లేడు, తర్వాతా ఉన్నాడని వినలేదు. ఆయన తిట్టిన తిట్లు రాస్తే అచ్చు వేసేవాడు పారిపోతాడు. తిట్టడం ఆపి, ఒకసారి నా వైపు చూసి, "నా తాళం తీసినవ్ గదరా" అన్నాడు నెమ్మదిగా. అది మాత్రం తగిలింది. నా డ్రైవరు పని ఆ వాగు ఒడ్డునే ముగిసిపోయిందని నాకు అర్థమైంది. ఆయనిక సేటుకు నా గురించి ఏం మంచి చెప్తాడు?

మా కేకలకు పక్కనున్న కోయ పల్లె నుంచి నలుగురు వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఉస్తాద్ నుదురు ముట్టుకుని చూసి, తన వాళ్లతో వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. నా వైపు తిరిగి, "పైన బండ ఉన్నది. అక్కడ నీళ్లు పల్చగ పారుతయి. మనిషి దాటొచ్చు, బండి పోరాదు. మంచం తెస్తం. అవతల బస్సు ఆగి ఉన్నది" అన్నాడు. నిజమే, అవతలి ఒడ్డున భద్రాచలం బస్సు వాగు దాటలేక వెనక్కి తిరగడానికి సిద్ధంగా ఉంది. నులకమంచం తెచ్చి ఉస్తాద్‌ను దాని మీద పడుకోబెట్టారు. నేను ఆకు లోడు వదిలి పోలేను, పోతే ఆయనే క్షమించడు. మంచం నీళ్ల మీదుగా పోతుంటే ఆయన దాని మీద నుంచే అరుస్తున్నాడు. "టైర్ల కింద రాళ్లు పెట్టు! టార్పాలిన్ తాళ్లు బిగ్గట్టు! నీ మొకం నాకు మల్ల సూపియ్యకు!" మూడూ ఒకే గొంతుతో చెప్పాడు. నేను మొదటి రెండూ చేశాను.

బస్సు పోయిన కాసేపటికి వెనక నుంచి దుంగల లారీ ఒకటి వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, కింద దారి తెలియడం లేదని చెప్పాను. డ్రైవరు నన్ను గుర్తుపట్టాడు. "ఏంది, గజ్జెలు తడుస్తయని ఆగినవా?" అని ఫస్టు గేరేసి నేరుగా దింపాడు. లారీ ఊగుతూ ఊగుతూ అవతలికి ఎక్కి, హారన్ కొట్టి మరీ పోయింది. ఆ నిమిషంలో ఆ వాగులో దూకుదామనిపించింది. దూకినా జనం నవ్వుతారని ఆగాను.

తెల్లవారేసరికి నీళ్లు పిక్కల దాకా దిగాయి. మళ్లీ ఆ చివర దాకా నడిచి, తిరిగొచ్చి, ఒక్కణ్నే బండి దింపాను. పక్క సీటు ఖాళీ. చప్టా ఎక్కడా పగలలేదు, శుభ్రంగా ఉంది. కాబట్టి ముందు రోజు నేను దింపి ఉన్నా బహుశా దాటేవాళ్లమే. దాటకపోయేవాళ్లమేమో కూడా. ఇన్నేళ్లయినా నాకు తెలియదు, తెలిసినట్టు మీకు చెప్పి గొప్పలు పోను.

భద్రాచలంలో లారీ ఆపి దవాఖానాకు పోతే ఉస్తాద్ చేతికి సెలైను ఉంది. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. వాళ్ల ఆవిడ బయటికొచ్చి, "ప్రాణానికి బయం లేదన్నరు. రాత్రంత నిన్నే తిట్టిండు తమ్మీ, ఆ కోపానికే జ్వరం దిగినట్టున్నది" అంది. అక్కడే వరండాలో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఈసారి దుమ్ము పడిందని చెప్పడానికి ఎవరూ అడగలేదు.

నాకంటే ముందే సంగతి పాల్వంచ చేరింది. ఆకు ఒక్క బస్తా తడవకుండా దించాను గానీ, దాని గురించి అడిగినవాడు లేడు. "ఉస్తాద్ చేతిలో తాళం లాక్కున్నావంట?" అన్నాడు సేటు. లాక్కున్నానన్నాను. "నీ వెనక బండి దాటిందంటగా?" దాటిందన్నాను. ఇంకేం చెప్పను? ఇంట్లో కూడా దాచకుండా చెప్పాను. మా ఆవిడ అంతా విని, "నువ్వు నడిచి చూసినవా?" అంది. చూశానన్నాను. "మరింకేంది. తిను" అని అన్నం పెట్టింది. మిషన్ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండుననిపించింది, ఎందుకంటే సీజను తోక మాత్రమే మిగిలింది.

బండి షెడ్డులో నిలబడి ఉంది. నేను రోజూ పోయి కడిగేవాణ్ని, కడగడానికి ఏమీ లేకపోయినా. సేటు మధిర నుంచి ఒక డ్రైవర్ని పిలిపించాడు. ఆ కుర్రాడు వచ్చి బల్ల మీద కూర్చున్న రోజునే ఉస్తాద్ వచ్చాడు. ఒంటి మీద నేను కుట్టిన చొక్కాయే, అందులో మనిషి సగమే ఉన్నాడు.

"డాక్టరు కొన్నాళ్లు తోలొద్దన్నాడంటగా. బండి ఎన్నాళ్లని నిలబెట్టనయ్యా? ఈ కుర్రాడికి తాళం ఇచ్చేస్తాను, ఏవంటావు?" అన్నాడు సేటు.

"టైలర్ ఉన్నడు గద?"

"నీ చేతిలో తాళం లాక్కుని, అందరూ దాటే వాగు దగ్గర కూర్చున్నాడే, అతనా?"

"అవ్, లాక్కున్నడు." ఉస్తాద్ నా వైపు చూడలేదు. "సేటూ, ఆ రోజు వాగు నడిచిందెవరు?"

"అతనేగా."

"నేను నడిచిన్నా?"

"జ్వరంలో నువ్వేం నడుస్తావు?"

"మరి నడిచినోడు వద్దన్నంక, సీట్ల కూసున్నోడు దించుతనన్నొచ్చునా? మా ఉస్తాద్ బతికుంటే నన్ను చెప్పు తీస్కొని కొట్టేటోడు."

"దుంగల లారీ దాటింది కదయ్యా!"

"దాటింది. రేపు గూడ దాటుతడు వాడు. ఏదో ఒక రోజు దాటడు."

ఉస్తాద్ లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ పక్కకు, క్లీనరు ఎక్కే తలుపు దగ్గరికి పోయాడు. షెడ్డులో ఆయన్ని ఆ తలుపు తీసి ఎక్కుతుండగా చూసినవాళ్లు మాలో లేరు. ఎక్కడానికి కష్టపడ్డాడు. నేను చేయి ఇవ్వబోతే తోసేశాడు. "ఏం జూస్తున్నవ్? సేటు దగ్గర తాళం తీస్కొని జల్దీ రా. చర్ల పోవాలె." సేటు తాళం నా చేతిలో పెట్టాడు. మధిర కుర్రాడు లేచి నాకు దారి ఇచ్చాడు.

ఊరు దాటేదాకా నేను బిగుసుకుపోయి ఉన్నాను. ఏదో తప్పు పడతాడు, ఇప్పుడు తిడతాడు అని కాచుకుని ఉన్నాను. ఎంతకూ మాట లేదు. పక్కకు చూస్తే, తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. ఏ డ్రైవరూ ఇంకొకడి స్టీరింగ్ పక్కన అంత తేలిగ్గా కన్ను మూయడు. మా ఉస్తాద్ గురకపెడుతున్నాడు. దారిలో బర్రెల మంద అడ్డం వస్తే, బండి ఆపి అవి దాటిపోయేదాకా చూశాను గానీ, గోదావరి వంతెన ఎక్కేదాకా నేను హారన్ కొట్టలేదు.